నాలుగు గీతల్లో సూర్యుడు: ఒక కంజిని సమగ్రంగా నేర్చుకునే తీరు

జపనీస్ భాషలో ఒక మామూలు వాక్యం రాయడానికి మూడు లిపులు కలిసి పనిచేస్తాయి. వాటిలో హిరగానా, కతకానా అనే రెండు లిపులూ తెలుగు అక్షరాల మాదిరిగా ధ్వనిని మాత్రమే తెలుపుతాయి; చైనా నుంచి వచ్చిన మూడో లిపి కంజి, ధ్వనితోపాటు అర్థాన్ని కూడా తెలుపుతుంది. ధ్వని లిపులు రెండూ తెలుగువారికి త్వరలోనే పట్టుబడతాయి. వాటి అక్షరమాల ‘అ, ఇ, ఉ, ఎ, ఒ’ అనే అచ్చులతో మొదలై, ‘క, స, త, న, హ, మ, య, ర, వ’ అనే వరుసలో సాగుతుంది. సిద్ధమ్ అనే భారతీయ లిపిలో సంస్కృత మంత్రాలను అధ్యయనం చేసిన జపాన్ బౌద్ధ భిక్షువుల పాండిత్యం నుంచి ఈ క్రమం రూపొందింది కనుక, తెలుగు వర్ణమాల వచ్చినవారికి అది ఎరిగిన దారిలాగే తోస్తుంది. అసలు కష్టం కంజి దగ్గర మొదలవుతుంది. జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన నిత్య వ్యవహార కంజి పట్టికలో 2136 అక్షరాలున్నాయి; ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్లపాటు పిల్లలు నేర్చుకోవలసినవి 1026, అందులో ఒకటో తరగతి వాటా 80.

ఈ అంకెలు చూసిన విద్యార్థి సాధారణంగా జాబితాను ఆశ్రయిస్తాడు. రోజుకు పది అక్షరాల చొప్పున తీసుకొని, ఒక్కోదానికి ఒక అర్థం, నాలుగైదు ఉచ్చారణలు రాసుకొని వల్లె వేస్తాడు. కొన్నాళ్లకు జాబితా కంఠస్థమవుతుంది గాని, అందులోని ఏ ఉచ్చారణ ఏ పదంలో చెల్లుతుందో తెలియక, రైల్వే స్టేషనులో కాలపట్టిక ఎదురైనప్పుడు చదువు అక్కడే ఆగిపోతుంది. ఒక్క కంజిని దాని ఆకృతితో, రాసే క్రమంతో, అది చేరే పదాలతో, అది కనిపించే చోట్లతో కలిపి సంపూర్ణంగా తెలుసుకోవడం ఇంతకంటే నిలకడైన పద్ధతి. అలా తెలుసుకున్న అక్షరం మిగిలిన కంజి వ్యవస్థ అంతటికీ ద్వారం తెరుస్తుంది. ఈ పద్ధతిని వివరించడానికి సూర్యుణ్ణీ దినాన్నీ తెలిపే కంజి చక్కగా సరిపోతుంది. ఒకటో తరగతి పిల్లలు నేర్చుకునే 80 అక్షరాల్లో అది ఒకటి. జపాన్ దేశం పేరులోనూ, వారాల పేర్లన్నింటిలోనూ, ప్రతి తేదీలోనూ అది ఉంటుంది.

వలయం నుంచి చతురస్రం దాకా

ఈ కంజి చూడడానికి నిలువుగా నిలబెట్టిన దీర్ఘచతురస్రం. దాని నడుమ గీసిన అడ్డగీత లోపలి చోటును పైగడి, కిందిగడిగా రెండు సమభాగాలు చేస్తుంది. గుండ్రటి సూర్యుడు నలుచదరంగా మారడం వెనుక రాత పరికరాల చరిత్ర ఉంది. చైనాలో షాంగ్ రాజవంశం ఏలిన రోజుల్లో, సుమారు 3200 ఏళ్ల కిందట, తాబేటి చిప్పల మీదా పశువుల ఎముకల మీదా ప్రశ్నలు చెక్కి, వాటిని వేడిచేసి, పడిన పగుళ్లను బట్టి జరగబోయేది చెప్పేవారు. 1899లో పండితుల దృష్టికి వచ్చిన ఈ ఎముకల రాతల్లో సూర్యుడి గుర్తు ఒక వలయం, దాని మధ్య ఒక చుక్క లేదా చిన్న గీత. గట్టి ఎముక మీద పదునైన మొనతో వంపు తిప్పడం కష్టం కనుక ఆ వలయం ఆనాడే చాలాచోట్ల కోణాలు తేలింది. ఆ తర్వాత హాన్ రాజవంశ కాలంలో కుంచెతో వేగంగా రాసే గుమాస్తాల లిపి వ్యాపించి, వంపులను సూటి గీతలుగా మార్చడంతో నలుచదరపు రూపం స్థిరపడి, నడిమి చుక్క అడ్డగీతగా సాగింది.

చైనా అక్షరాలు కొరియా ద్వీపకల్పం మీదుగా జపాన్‌కు చేరాయి. సైతామా ప్రాంతంలోని ఇనారియామా సమాధి దిబ్బలో దొరికిన ఖడ్గం మీద బంగారంతో పొదిగిన 115 అక్షరాల శాసనం, ఎక్కువమంది పండితులు అంగీకరించిన లెక్క ప్రకారం 471వ సంవత్సరానిది. ఆ నాటికే జపాన్ పాలకులు తమ వ్యక్తుల పేర్లను, స్థలాల పేర్లను ఈ పరాయి లిపిలో రాయించుకుంటున్నారని అది చూపుతుంది. అప్పటి వరకు జపనీస్ భాషకు సొంత లిపి లేదు. హిరగానా, కతకానా రెండూ ఆ తర్వాతి శతాబ్దాల్లో కంజి రూపాలనే కుదించి, సులువు చేసి తయారుచేసుకున్న లిపులు.

గీతల క్రమం

కంజిలో ప్రతి గీతకూ ఒక వరుస, ఒక దిశ నిర్ణయమై ఉంటాయి. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, ముందు బయటి చట్రం, తర్వాత లోపలి భాగం, చివరికి మూత అన్నవి స్థూలంగా పాటించే సూత్రాలు. సూర్య కంజిలో మొత్తం నాలుగు గీతలు. మొదటిది ఎడమవైపు నిలువు గీత, పై నుంచి కిందికి. రెండోది పై అంచున ఎడమ నుంచి కుడికి సాగి, మూల దగ్గర చేయి ఎత్తకుండానే మలుపు తిరిగి కిందికి దిగే గీత. చూపుకు ఇవి రెండు గీతలనిపించినా లెక్కకు ఒకటే. మూడోది నడిమి అడ్డగీత, నాలుగోది అడుగున పెట్టెను మూసే అడ్డగీత. గీతల సంఖ్య తెలియడం వల్ల ఒక ప్రయోజనం ఉంది: కంజి నిఘంటువుల్లో అక్షరాన్ని గీతల లెక్కను బట్టి వెతికే పద్ధతి ఉంది కనుక, లెక్క తప్పితే అక్షరం దొరకదు. వరుస తెలియడం వల్ల మరో ప్రయోజనం: ఫోను తెర మీద వేలితో రాసినప్పుడు యంత్రం అక్షరాన్ని సులువుగా గుర్తిస్తుంది, చేత్తో వేగంగా రాసినప్పుడు కూడా రూపం చెదరదు.

అక్షరం వెడల్పు కన్నా పొడవు కొంచెం ఎక్కువగా ఉండాలి. ఈ నియమం అందం కోసమే పెట్టింది కాదు. ఇదే రూపంలో, కాస్త అడ్డంగా సాగిన మరో పాత చైనా అక్షరం ‘పలికెను’ అనే అర్థంతో ఉంది. పోలికలున్న మరికొన్ని కంజిలను పక్కపక్కన పెట్టి చూడడం మంచిది. పెట్టెలో నడిమి గీత లేకపోతే అది ‘నోరు’. గీతలు రెండుంటే అది ‘కన్ను’. అడ్డగీతతోపాటు నిలువు గీత కూడా ఉండి నాలుగు గళ్లయితే అది గట్లు వేసిన ‘వరి పొలం’. సూర్య కంజి నెత్తి మీద చిన్న ఏటవాలు గీత పెడితే అది ‘తెలుపు’. ఒక్క గీతతో అర్థం ఇంతగా మారుతుంది కనుక, కొత్త కంజిని చూసినప్పుడు మొత్తం ఆకారాన్ని ఊహతో పట్టుకోకుండా గీతలను లెక్కపెట్టి చూసే అలవాటు తొలినాళ్లలోనే చేసుకోవాలి.

ఒకే అక్షరం, పలు పలుకులు

విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టేది ఉచ్చారణ. ఈ ఒక్క కంజికి ‘నిచి’, ‘జిత్సు’, ‘హి’, ‘క’ అని నాలుగు ప్రధాన ఉచ్చారణలున్నాయి. దీనికి కారణం తెలుగువారికి సులభంగానే బోధపడుతుంది. తెలుగులో ‘పొద్దు’ అన్న అచ్చమైన దేశ్యపదం సూర్యుణ్ణీ సమయాన్నీ కూడా తెలుపుతుంది. పొద్దు పొడిచిందన్నప్పుడు అది సూర్యుడు, పొద్దు గడవలేదన్నప్పుడు అది కాలం. సంస్కృతం నుంచి వచ్చిన ‘దిన’ శబ్దం విడిగా కన్నా దినపత్రిక, దినచర్య వంటి సమాసాల్లో ఎక్కువగా వినిపిస్తుంది. జపనీస్ భాషలోనూ ఇలాగే ఒక దేశ్య పదసంపద, ఒక అరువు పదసంపద ఉన్నాయి. అరువు ఇచ్చిన భాష అక్కడ చైనీస్. తెలుగులో దేశ్యపదానికీ తత్సమానికీ వేర్వేరు అక్షరాలు పడతాయి. జపనీస్‌లో అర్థం ఒకటే కనుక రెండింటికీ ఒకే కంజి పడుతుంది, పలికేటప్పుడు మాత్రం సందర్భాన్ని బట్టి దేశ్యమో అరువుపదమో వస్తుంది. దేశ్య ఉచ్చారణను ‘కున్‌యోమి’ అనీ, చైనా నుంచి వచ్చిన ఉచ్చారణను ‘ఒన్‌యోమి’ అనీ అంటారు. ఈ కంజికి ‘హి’, ‘క’ దేశ్యాలు. ‘నిచి’, ‘జిత్సు’ చైనా నుంచి వచ్చినవి.

చైనా ఉచ్చారణలు రెండు ఉండడానికి కారణం అవి రెండు విడతల్లో రావడం. ‘నిచి’ మొదట వచ్చింది. దక్షిణ చైనా పలుకుబడిని అనుసరించి, బౌద్ధంతోపాటు వ్యాపించిన పొరకు చెందినది. ‘జిత్సు’ తర్వాత వచ్చింది. 7వ శతాబ్ది నుంచి 9వ శతాబ్ది దాకా తాంగ్ రాజధాని ఛాంగాన్‌కు వెళ్లివచ్చిన రాయబారులు, భిక్షువులు అక్కడి పలుకును తెచ్చారు. ఈ రెండు కాలాల మధ్య ఛాంగాన్ పలుకులో పదాది అనునాసికం సడలి ‘న’ కాస్తా ‘జ’ వైపు జరిగింది. కొత్తది వచ్చినా జపనీయులు పాతదాన్ని వదలలేదు. రెండింటినీ వేర్వేరు పదాల్లో నిలుపుకున్నారు.

వాడుకలో వీటి పంపకం ఇలా ఉంటుంది. కంజి ఒంటరిగా ఉన్నా, దేశ్యపదాలతో కలిసినా ‘హి’ అని పలుకుతారు: సూర్యోదయం ‘హినోదె’, ఎండకు పట్టుకునే గొడుగు ‘హిగస’, ఎండ పడే చోటు ‘హినత’, ఉదయభానుడు ‘అసహి’, సంధ్యాసూర్యుడు ‘యూహి’. మరో కంజితో జతకట్టి చైనా పద్ధతి సమాసమైనప్పుడు ‘నిచి’ గాని ‘జిత్సు’ గాని వస్తుంది: ప్రతిరోజు ‘మైనిచి’, నిత్యజీవితం ‘నిచిజో’, సెలవు రోజు ‘క్యూజిత్సు’, పనిదినం ‘హేజిత్సు’, ప్రకటనల్లో గౌరవంగా నేడు అనడానికి ‘హొంజిత్సు’. ‘జిత్సు’ చాలావరకు సమాసం చివరనే కనిపిస్తుంది కనుక, కంజి సమాసం మొదట ఉంటే ‘నిచి’ అనుకోవడం సాధారణంగా సరిపోతుంది.

సమాసంలో జరిగే మార్పులు

పదాలు కలిసినప్పుడు ధ్వనులు మారడం సంధి సూత్రాలు చదువుకున్న తెలుగు పాఠకులకు కొత్త విషయం కాదు. ‘నిచి’ తర్వాత క, స, త వంటి పరుష ధ్వనులు వస్తే, చివరి ‘చి’ లోపించి తర్వాతి హల్లుకు ద్విత్వం వస్తుంది. సూర్యకాంతి ‘నిక్కో’ అవుతుంది. తొషోగు మందిరంతో ప్రసిద్ధి పొంది, 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పర్వత పట్టణం పేరు కూడా ఇదే. దినచర్య రాసుకునే పుస్తకం ‘నిక్కి’, రోజువారీ కార్యక్రమం ‘నిత్తెయి’. భారతీయ రోడ్ల మీద కనిపించే నిస్సాన్ కార్ల పేరు ‘నిప్పోన్ సంగ్యో’, అంటే జపాన్ పరిశ్రమ, అనే పేరులోని తొలి కంజిలను కలిపి కుదించినది. హిటాచీ అన్న పేరులోనూ ఇదే కంజి ఉంది గాని, అక్కడ దేశ్య ఉచ్చారణ ‘హి’ వినిపిస్తుంది. 1910లో ఆ సంస్థ ప్రారంభమైన ఊరి పేరే దాని పేరు.

రెండో మార్పు ‘హి’కి సంబంధించినది. సమాసంలో రెండో పదంగా వచ్చినప్పుడు అది తరచూ ‘బి’ అవుతుంది: పుట్టినరోజు ‘తంజోబి’, స్మారకదినం ‘కినెన్‌బి’, దుకాణాలకు వారంలో నిర్ణయించిన సెలవు ‘తెయిక్యూబి’. జపనీస్ వ్యాకరణంలో దీన్ని ‘రెందకు’ అంటారు. పరుషాలు సరళాలుగా మారే ఈ ప్రక్రియ తెలుగు సరళాదేశ సంధికి దగ్గరి పోలిక గలది. క గ కావడం, త ద కావడం సరే, హ బ ఎలా అయిందన్న సందేహం కలగవచ్చు. ప్రాచీన జపనీస్‌లో ఈనాటి హకారం పకారంగా ఉండేది. తెలుగు ‘పాలు’ కన్నడంలో ‘హాలు’ అయినట్టే అక్కడా ప హ అయింది. సమాసం మధ్యలో మాత్రం పాత పకారపు సరళరూపమైన బ నిలిచిపోయింది. ఆసుపత్రిలో, పురపాలక కార్యాలయంలో ఇచ్చే ప్రతి దరఖాస్తు మీదా ఉండే ‘సెయ్‌నెన్‌గప్పి’, అంటే పుట్టిన సంవత్సరం, నెల, తేదీ, అన్న పదం చివర ఇదే కంజి ‘పి’గా వినిపించడం కూడా ఆ పాత ధ్వనికి జాడే.

దేశం పేరులో సూర్యుడు

సూర్య కంజి పక్కన ‘మూలం’ అనే అర్థం గల కంజిని రాస్తే అది జపాన్ పేరు. రెండో కంజి చెట్టు గుర్తు అడుగున చిన్న గీత గీసి వేరును చూపే అక్షరం. రెండూ కలిస్తే సూర్యుడి మూలస్థానం, సూర్యుడు ఉదయించే చోటు. చైనా నుంచి చూస్తే జపాన్ తూర్పున ఉంటుంది. 607లో జపాన్ పాలకులు సుయి చక్రవర్తికి పంపిన లేఖలో తమ దేశాన్ని సూర్యుడు ఉదయించే దేశంగా చెప్పుకున్నారని చైనా చరిత్ర గ్రంథం నమోదు చేసింది. అంతకు పూర్వం చైనావారు ఈ ద్వీపాలను ‘వ’ అనే పేరుతో పిలిచేవారు. 7వ శతాబ్ది చివర, 8వ శతాబ్ది మొదట కొత్త పేరు స్థిరపడింది. ఈ పేరుకు చైనాలో ఉన్న ఉచ్చారణే మార్కో పోలో నోట ‘చిపాంగు’గా, ఆ తర్వాత ఐరోపా భాషల్లో ‘జపాన్’గా పరిణమించింది. తెలుగువారు జపాన్ అన్న ప్రతిసారీ తొలి ధ్వనిగా పలికేది ఈ కంజి చైనా ఉచ్చారణకు దూరపు రూపమే.

జపనీయులు ఆ పేరును ‘నిహోన్’ అనీ ‘నిప్పోన్’ అనీ రెండు విధాల పలుకుతారు. మాటల్లో ‘నిహోన్’ ఎక్కువ. కరెన్సీ నోట్ల మీద రోమన్ లిపిలో ముద్రించేది ‘నిప్పోన్’. రెండింటిలో ఒకదాన్నే ఖరారు చేయవలసిన అవసరం లేదని 2009లో జపాన్ మంత్రివర్గం లిఖితపూర్వకంగా తెలిపింది. ఒకే కంజిలతో రాసే వంతెన పేటను టోక్యోలో ‘నిహోంబాషి’ అనీ, ఒసాకాలో ‘నిప్పోంబాషి’ అనీ అంటారు. జాతీయ పతాకం పేరు ‘హినోమరు’, అంటే సూర్య వలయం. చిరకాలంగా వాడుకలో ఉన్న ఈ పతాకానికి 1999లో చట్టబద్ధత కల్పించారు. వార్తాపత్రికల శీర్షికల్లో ఈ ఒక్క కంజి జపాన్ అనే మాటకు సంక్షేపంగా కూడా పనిచేస్తుంది: జపాన్, భారత్ సంబంధాలను రెండే కంజిలతో ‘నిచి-ఇన్’ అని రాస్తారు, 1903లో ఏర్పడిన జపాన్-భారత్ సంఘం పేరు కూడా ఆ రెండు కంజిలతోనే మొదలవుతుంది.

వారాలు, తేదీలు

ఈ అక్షరం భారతదేశంతో నేరుగా కలిసే చోటు వారాల పేర్లు. ఆదివారం జపనీస్‌లో ‘నిచియోబి’; ఇందులో సూర్య కంజి రెండుసార్లు వస్తుంది, మొదట సూర్యుడి అర్థంలో ‘నిచి’గా, చివర దినం అనే అర్థంలో ‘బి’గా. నడిమి ‘యో’ అన్నది వెలుగొందే గ్రహాన్ని సూచించే అక్షరం. సోమవారానికి చంద్రుడు, మంగళవారానికి అగ్ని పేరు గల కుజుడు, బుధవారానికి జలం పేరు గల బుధుడు, గురువారానికి కలప పేరు గల బృహస్పతి, శుక్రవారానికి లోహం పేరు గల శుక్రుడు, శనివారానికి మట్టి పేరు గల శని అధిపతులు. గ్రహాల పేర్లు చైనా పంచభూతాలను బట్టి పెట్టినవే అయినా, అధిపతుల వరుస తెలుగు పంచాంగంలోని వరుసే. నక్షత్రాలు, గ్రహాలు, వారాల ఫలితాలను చెప్పే భారతీయ జ్యోతిషాన్ని 8వ శతాబ్దిలో బౌద్ధ పండితుడు అమోఘవజ్రుడు చైనీస్‌లో గ్రంథస్థం చేయగా, జపాన్ బౌద్ధాచార్యుడు కూకాయ్ 806లో స్వదేశానికి తిరిగివస్తూ ఆ గ్రంథాన్ని వెంట తెచ్చాడు. అక్కడ దానికి ‘సుకుయోక్యో’ అని పేరు. అయితే చాలా శతాబ్దాలపాటు వారాలు జ్యోతిషుల పంచాంగాలకే పరిమితమయ్యాయి. 1873లో పాశ్చాత్య సౌరమాన క్యాలెండరు అమల్లోకి వచ్చి, 1876 నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు ఆదివారం సెలవైన తర్వాతే సామాన్యుల జీవితంలోకి వారం ప్రవేశించింది.

తేదీల్లో ఇదే కంజి ‘క’ అనే నాలుగో ఉచ్చారణను బయటపెడుతుంది. నెలలో రెండో తేదీ నుంచి పదో తేదీ దాకా దేశ్య సంఖ్యలే వాడతారు: ఫుత్సుక, మిక్క, యొక్క, ఇత్సుక, ముయిక, ననొక, యోక, కొకొనొక, తోక. వీటిలో నాలుగో తేదీ ‘యొక్క’కూ ఎనిమిదో తేదీ ‘యోక’కూ తేడా అచ్చు హ్రస్వదీర్ఘాల్లో, హల్లు ద్విత్వంలో ఉంది. హ్రస్వదీర్ఘాలతోనూ ద్విత్వంతోనూ అర్థం మారడం తెలుగుకు సహజం కనుక, ఈ విషయంలో తెలుగు చెవికి పుట్టుకతోనే అనుకూలత ఉంది. పదకొండు నుంచి ‘నిచి’ మొదలవుతుంది. పద్నాలుగు, ఇరవై నాలుగు మాత్రం ‘జూయొక్క’, ‘నిజూయొక్క’ అనీ, ఇరవై ‘హత్సుక’ అనీ దేశ్యంలోనే నిలిచాయి. ఒకటో తేదీ ‘త్సుయితచి’ అన్న పదం చంద్రుడు పొడచూపడం అనే మాట నుంచి పుట్టింది. అమావాస్య దాటాక నెల మొదలైన చాంద్రమానపు రోజుల గుర్తు అందులో మిగిలింది. అదే రాతను ఒక రోజు వ్యవధి అనే అర్థంలో ‘ఇచినిచి’ అని చదవాలి. మందుల సంచి మీద రోజుకు మూడుసార్లు అని రాసిన చోట ఉండేది ఈ ‘ఇచినిచి’యే.

కొన్ని పదాల్లో ఉచ్చారణను ఏ కంజికి ఎంత అని పంచి చెప్పడం సాధ్యం కాదు. ‘ఇప్పుడు’, ‘దినం’ అనే రెండు కంజిలను కలిపి రాస్తే అది నేడు, పలుకు ‘క్యో’. ‘వెలుగు’, ‘దినం’ కలిస్తే రేపు, పలుకు ‘అషిత’. పూర్వం నుంచీ ఉన్న దేశ్యపదానికి అర్థాన్ని బట్టి రెండు కంజిలను అతికించడం వల్ల ఇలా జరిగింది. వీటిని మొత్తం పదంగానే గుర్తుంచుకోవాలి. నేడు అన్న ఆ రెండు కంజిలనే చైనా పద్ధతిలో ‘కొన్నిచి’ అని కూడా చదువుతారు, పగటిపూట జపనీయులు ఒకరినొకరు పలకరించుకునే ‘కొన్నిచివ’ అనే మాట దాని నుంచే వచ్చింది.

ఇతర కంజిల్లో భాగంగా

కంజిలను నిఘంటువుల్లో అమర్చడానికి వాడే మూలభాగాలు సంప్రదాయ లెక్కలో 214. 1716లో చైనా చక్రవర్తి కాంగ్‌షీ పేర పూర్తయిన మహానిఘంటువు ఈ లెక్కను స్థిరపరచింది. సూర్య కంజి వాటిలో 72వది. కాంతితో, కాలంతో, వాతావరణంతో ముడిపడిన ఎన్నో అక్షరాల్లో ఇది అంగంగా ఉంటుంది; ఎడమవైపు వచ్చినప్పుడు సన్నబడి ‘హిహెన్’ అనే పేరు పొందుతుంది. సూర్యుడి పక్కన చంద్రుణ్ణి రాస్తే ‘వెలుగు’. 1868 నుంచి 1912 దాకా సాగిన మెయిజీ శకం పేరులో మొదటి కంజి ఇదే. సూర్యుడి కింద ఒక అడ్డగీత రాస్తే దిగంతం మీద ఉదయం. నూతన సంవత్సర ప్రాతఃకాలాన్ని తెలిపే ‘గంతన్’ అన్న పదంలో ఈ అక్షరం ఉంది.

అయితే ఎక్కువ కంజిలు ఇలా రెండు బొమ్మలు కలిసి ఏర్పడినవి కావు. ఒక భాగం అర్థాన్నీ, మరో భాగం ధ్వనినీ తెలిపే పద్ధతిలో ఏర్పడినవే అధికం. ‘కాలం’ అనే కంజిలో ఎడమన సూర్యుడు, కుడివైపు గుడిని తెలిపే అక్షరం ఉంటాయి; గుడి కంజిని ‘జి’ అని పలుకుతారు కనుక కాలం కంజికీ ‘జి’ అనే ఉచ్చారణ వచ్చింది, గుడి అర్థంతో ఇక్కడ పని లేదు. నిర్మలాకాశం అనే కంజిలో సూర్యుడి పక్కన ‘సెయ్’ అని పలికే నీలి అక్షరం ఉండి అదే ధ్వనిని ఇస్తుంది. ఈ సూత్రం గ్రహించిన విద్యార్థి తెలియని కంజిని చూసినప్పుడు సైతం, సూర్యాంగాన్ని బట్టి అర్థపు దిక్కునూ, మిగిలిన భాగాన్ని బట్టి ఉచ్చారణ దిక్కునూ ఊహించగలుగుతాడు. జ్ఞాపకం కోసం ప్రచారంలో ఉన్న కథల పట్ల కొంత జాగ్రత్త అవసరం. ‘తూర్పు’ కంజిని చెట్టు వెనుక ఉదయించే సూర్యుడిగా చాలా పుస్తకాలు వివరిస్తాయి. ప్రాచీన రూపాలను పరిశీలించిన ఆధునిక పండితులు అది రెండు వైపులా మూతి కట్టిన సంచి బొమ్మ అనీ, తూర్పు అనే మాటతో ధ్వని కలవడం వల్ల ఆ అర్థానికి వాడారనీ చెబుతారు. కథ గుర్తుకు సాయపడితే వాడుకోవచ్చు గాని, దాన్ని చరిత్రగా నమ్మకూడదు.

ఎలా నేర్చుకోవాలి

జపనీస్ నేర్చుకోవలసిన అవసరం తెలుగు యువతకు ఇప్పుడు నిజంగానే ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణ నిర్మాణానికి జపాన్ సాయం అందింది, ఆ దేశపు విద్యాసంస్థలతో దానికి సంబంధాలున్నాయి. నైపుణ్యం గల కార్మికులను జపాన్‌కు పంపే విషయమై 2021 జనవరిలో భారత్, జపాన్ ప్రభుత్వాలు అవగాహన ఒప్పందం చేసుకున్నాయి. భాషా సామర్థ్యాన్ని కొలిచే జేఎల్‌పీటీ పరీక్ష 1984లో మొదలై, 2010 నుంచి ఎన్5 మొదలు ఎన్1 దాకా అయిదు స్థాయుల్లో జరుగుతోంది. పరీక్ష కోసం చదివేవారైనా, ఉద్యోగం కోసం వెళ్లేవారైనా మొదటి వారంలోనే ఎదుర్కొనే కంజి ఇది.

దీన్ని నేర్చుకోవడానికి ఉచ్చారణల జాబితాతో మొదలుపెట్టవలసిన అవసరం లేదు. గళ్ల కాగితం మీద నాలుగు గీతల వరుస చేతికి అలవాటయ్యేదాకా రాసి, ఆ తర్వాత ఒక్కో ఉచ్చారణకు ఒక్కో పదం ఎంచుకోవాలి: హినోదె, మైనిచి, క్యూజిత్సు, తంజోబి, ఫుత్సుక అన్న అయిదు పదాలు వస్తే, ప్రధాన ఉచ్చారణలన్నీ, వాటితోపాటు సమాసంలో వచ్చే మార్పూ వచ్చినట్టే. ఆ మీదట నేడు, రేపు, ఆదివారం అన్న పదాలను చేర్చుకొని, నోటుపుస్తకంలో ప్రతిరోజూ సంవత్సరం, నెల, తేదీ, వారం అనే జపనీస్ క్రమంలో ఆ నాటి తేదీని చేత్తో రాయాలి. కొత్తవారి కోసం కంజి పక్కన చిన్న హిరగానా అక్షరాల్లో ఉచ్చారణను అచ్చువేస్తారు, దాన్ని ‘ఫురిగానా’ అంటారు. ఆ సాయం ఉన్న పిల్లల పుస్తకాలను బిగ్గరగా చదివితే ఏ పదంలో ఏ పలుకు చెల్లుతుందో చెవికే తెలిసిపోతుంది. జపాన్‌లో అడుగుపెట్టినవారు రైలు కాలపట్టికలో పనిదినాల వరుస ఏది, సెలవుల వరుస ఏదని చూసుకోవడానికీ, దుకాణం తలుపు మీద సెలవు రోజు ప్రకటన చదువుకోవడానికీ, మందుల సంచి మీది సూచన పాటించడానికీ ఈ ఒక్క అక్షరం వెంటనే ఉపయోగపడుతుంది.

రెండువేల కంజిలను చూసి వెనుదిరిగే విద్యార్థులు వాటిని రెండువేల వేర్వేరు బొమ్మలుగా భావించడం వల్లనే భయపడతారు. అక్షరాలు కొన్ని మూలభాగాలతో, కొన్ని ధ్వనిసూత్రాలతో, ఎన్నో సమాసాలతో ఒకదానికొకటి అల్లుకొని ఉంటాయని ఒక్క కంజిని లోతుగా చదివితే తెలుస్తుంది. కంజిని ఎన్నడూ ఒంటరిగా వల్లె వేయకుండా, పదంలోనే నేర్చుకొని, పదాన్ని వాక్యంలో వాడాలన్నది నేర్చుకునేవారందరూ పాటించవలసిన నియమం. జపనీస్ మొదలుపెట్టాలనుకునే తెలుగు పాఠకులు ఈ రోజు తేదీని ఈ నాలుగు గీతల అక్షరంతో రాయడం ద్వారానే ఆ చదువును ఆరంభించవచ్చు.